నాలుగు చుక్కలు

మూడోసారి కూడా మెట్లు రాలేదు.

మౌనిక జెల్‌ని కాంతి పెట్టె మీద పరిచి, దాని మీదకి వంగి, వంగింది వంగినట్టే ఉండిపోయింది. వెనకాల నీళ్ళ ట్రే పట్టుకుని నిలబడ్డ కనకరాజు ఆమె భుజాలు చూశాడు. ఇక జెల్ చూడక్కర్లేకపోయింది.

అతనికి కెమిస్ట్రీ రాదు. కైకలూరు ఐస్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు దిమ్మలు లాగిన చేతులవి. తాడేపల్లిగూడెంలో పాత రైసుమిల్లు గోడౌన్ పై అంతస్తులో ఈ ల్యాబ్ పెట్టినప్పటి నుంచీ స్టోరు తాళాలు, ఫ్రిజ్ తాళాలు, గాజుసామాను కడగడం అతని పని. కానీ ఆరేళ్ళుగా చూసి చూసి జెల్ చదవడం వచ్చేసింది. కింద లావుపాటి నీలం గీత యాంటీబాడీ. దానికి ఒక డీఎన్‌ఏ పోగు అతుక్కుంటే ఆ గీత పైన సన్నగా ఇంకో గీత వస్తుంది. రెండు అతుక్కుంటే మరొకటి. మెట్లలాగా. ఫిబ్రవరిలో మూడు మెట్లు వచ్చాయి. ఆ ఫోటో ఇంకా గోడమీద టేపుతో అంటించే ఉంది. ఇవాళ కింద ఒకే ఒక్క గీత, పైనంతా ఖాళీ.

ఆ మెట్ల కోసమే ఈ ల్యాబ్. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ సోకితే, మచ్చ కంటికి కనబడేసరికి చెరువు చెయ్యి దాటిపోతుంది. నాలుగైదు రోజుల ముందే పట్టుకోవాలి. యాంటీబాడీ వెళ్ళి వైరస్‌ని పట్టుకుంటుంది. దానికి తోకలా కట్టిన డీఎన్‌ఏ పోగుని మెషిన్ కోట్ల కాపీలు తీసి, ఇదుగో ఇక్కడుంది అని చూపిస్తుంది. తోకలేని యాంటీబాడీ వైరస్‌ని పట్టుకున్నా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏవండీ మౌనిక గారూ, కబురేమన్నా ఉందా?"

డైరెక్టర్ హేమంత్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు. గొంతు ఎంత మెత్తబడితే అంత జాగ్రత్తగా ఉండాలని ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

"లేదు సార్. మళ్ళీ ఒట్టి యాంటీబాడీయే."

"అహా." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "టీ తాగారా?"

"తాగాను సార్."

"నాకో చిన్న సందేహమండీ. ఏమీ అనుకోకండి. ఫిబ్రవరిలో వచ్చిందన్నారే... అది నిజంగా వచ్చిందేనంటారా?"

"అంటే... సార్?"

"అదే యాంటీబాడీ, అదే పోగు, అదే మనిషి. ఒకసారి వస్తుంది, మూడుసార్లు రాదు. శనివారం హైదరాబాద్ నుంచి కమిటీ వాళ్ళొస్తున్నారు. ఆ ఫోటో ఎక్కడిదని అడిగితే ఏం చెప్పమంటారు? కంప్యూటర్‌లో ఫోటోలు ఎలా కావాలంటే అలా వస్తున్నాయిగా ఈ రోజుల్లో."

"సార్, నోట్‌బుక్‌లో ప్రతి అడుగూ రాశాను. తేదీలున్నాయి. సాక్షిగా మన జూనియర్ రాజేష్ సంతకం చేశాడు."

"రాజేష్ మీకంటే చిన్నాడు కదండీ. పెట్టమంటే పెడతాడు." ఆయన లేచాడు. "ఇంకా ఎన్ని యాంటీబాడీ వయల్స్ ఉన్నాయి?"

"ఒక్కటే సార్."

"మంచిది. శుక్రవారం ఉదయానికి చూద్దాం. ఈసారీ రాకపోతే ఒక ఉత్తరం రాసి కమిటీకి ముందే ఇచ్చేస్తాను. డేటా విషయంలో మాకు అనుమానం వచ్చిన మాట వాస్తవమని. మనసులో పెట్టుకోకండి. సంస్థ పేరు చూసుకోవాలి కదా."

ఆయన వెళ్ళిపోయాక కూడా మౌనిక జెల్ వైపే చూస్తోంది. డేటా మీద అనుమానం అని ఒక్క కాగితం వెళ్తే ఈ దేశంలో ఇక ఏ ల్యాబ్ తలుపూ ఆమెకి తెరుచుకోదని కనకరాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొల్లేటి లంకలో పుట్టి, పడవ మీద బడికెళ్ళి, ఇక్కడిదాకా వచ్చిన పిల్ల.

"అమ్మా, ట్రే ఎక్కడ పెట్టను?"

"పారబోసెయ్యండి బాబాయ్."

తర్వాత ఆమె నోట్‌బుక్ తెరిచింది. నంబర్లు వేసి గట్టిగా కుట్టిన పుస్తకం. పేజీ చింపకూడదు. వైట్నర్ పూయకూడదు. తప్పు రాస్తే ఒకే గీత కొట్టాలి, కింద మాట చదవగలిగేలా. పక్కన సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. ఆ నియమాలన్నీ సారే టైపు చేయించి గోడకి అంటించారు. మౌనిక పేజీ మీద రాసింది: మూడవ ప్రయత్నం. ఫలితం లేదు. కారణం తెలియదు.

'తెలియదు' దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.

*

బుధవారం పొద్దున్నే ఆమె బోర్డు మీద బొమ్మ గీసి పెట్టుకుని కూర్చుంది. ఏలూరు నుంచి పాసింజర్‌లో దిగి వచ్చిన కనకరాజు ఇంకా టిఫిన్ క్యారియర్ బల్లమీద పెట్టకముందే కేకేసింది.

"బాబాయ్, అలా కూర్చోండి. నేను మొదట్నుంచి గట్టిగా చెప్తాను. ఎక్కడ తేడాగా అనిపిస్తే అక్కడ ఆపండి."

"నాకేం తెలుసమ్మా, నన్ను కూర్చోబెడతావు!"

"తెలీనివాళ్ళకి చెప్తేనే తప్పు దొరుకుతుంది. తెలిసినవాళ్ళు తలూపేస్తారు."

అతను కూర్చున్నాడు. ఆమె కళ్ళకింద నల్లగా ఉంది. అయినా మార్కర్ పట్టుకోగానే గొంతులో హుషారు వచ్చింది.

"ఇది యాంటీబాడీ. దీని ఒంటినిండా చిన్న చిన్న బొడిపెలుంటాయి. ముందు వాటికి గాలాలు తగిలిస్తాను. గాలం పేరు డీబీసీఓ. గంటసేపు వదిలేస్తాను. తగలకుండా మిగిలిన గాలాల్ని కడిగేస్తాను. అప్పుడు డీఎన్‌ఏ పోగు పోస్తాను. ఇంతవరకూ అర్థమైందా?"

"ఆయ్."

"ఈ గాలం ఒకే ఒక్క చేపని పడుతుంది. వేరే చేప పక్కనుంచి పోయినా చూడదు. ఆ చేపని నేను డీఎన్‌ఏ పోగు కొసన కట్టి పంపుతాను. గాలం చేపని పడుతుంది, పోగు యాంటీబాడీకి ఉండిపోతుంది. ఇక లాగినా రాదు. అంతే. ఇంత చిన్న పని."

"మరి పోగు వెళ్ళేలోపే గాలానికి వేరే ఏదైనా తగులుకుంటే?"

మౌనిక నవ్వింది. మూడు రోజుల్లో మొదటిసారి. "చూశారా, మంచి ప్రశ్న. తగలదు. అదే దీని గొప్ప. ఉప్పుకి తగలదు, ప్రోటీన్‌కి తగలదు. ఒక్క అజైడ్‌కి తప్ప దేనికీ తగలదు. చేప పేరు అజైడ్."

కనకరాజు చెయ్యి క్యారియర్ పిడి మీద ఉంది. పిడి ఒక్కసారి చల్లగా తగిలింది.

"ఆ... ఆ పేరు మన పాయిజన్ బీరువాలో సీసా మీద ఉన్నదేనా అమ్మా?"

"అదే. సోడియం అజైడ్. బయట కొన్న యాంటీబాడీల్లో కుళ్ళకుండా అదే కలుపుతారు. అలాంటివైతే ముందు శుభ్రంగా కడిగి తీసేయాలి. లేకపోతే అది వెళ్ళి గాలాలన్నిటికీ తగులుకుంటుంది, మన పోగుకి ఒక్క గాలమూ మిగలదు. కానీ మనది వెటర్నరీ వాళ్ళచేత ఏమీ కలపకుండా చేయించాను కదా. ఉత్త ఉప్పునీళ్ళు. కడిగిన ప్రతిసారీ కొంత సరుకు పోతుంది. అందుకే మనదాన్ని కడగను." ఆమె మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. "యాంటీబాడీని విడిగా చూశాను, బతికే ఉంది, వైరస్‌ని పడుతోంది. గాలం కొత్తది. పోగు కొత్తది. ఎవరికి వాళ్ళు బాగానే ఉన్నారు. కలిపితే లేదు. ఎందుకు బాబాయ్?"

అతని కళ్ళముందు ఏప్రిల్ ఇరవై రెండో తారీఖు సాయంత్రం ఉంది. ఈదురుగాలికి కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. ఫ్రిజ్ మీద అంకె ఆరు, తొమ్మిది, పద్నాలుగు. చేపల మార్కెట్‌కి పరిగెత్తి తెచ్చిన ఐస్ రెండు గంటలకే నీళ్ళు. మళ్ళీ తేవడానికి దారిలో చెట్టు. ఇరవై రెండేళ్ళు అతను నేర్చుకున్నది ఒక్కటే: సరుకు వేడెక్కుతుంటే చేతులు కట్టుకుని కూర్చోకూడదు. కొన్న సీసాలు ఎందుకు కుళ్ళవో ఒకసారి రాజేష్ చెప్పాడు. పాయిజన్ బీరువా తాళం నడుముకే ఉంది. ఒక్కో వయల్‌లో ఒక్కో చుక్క. నాలుగు వయల్స్, నాలుగు చుక్కలు. మూతలు బిగించి, చేతులు కడుక్కుని, గండం గడిచిందనుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. వయల్స్ మూత తీసే హక్కు అతనికి లేదు.

మౌనిక ఫ్రిజ్ రిజిస్టర్ తిరగేస్తోంది. రోజుకి రెండుసార్లు డిగ్రీలు రాసే ఆ రిజిస్టర్ ఒక్కటే ఈ ల్యాబ్‌లో కనకరాజు రాసే పుస్తకం.

"నేను మా ఊళ్ళో ఉన్నప్పుడేగా గాలివాన వచ్చింది. ఇరవై రెండు... సాయంత్రం నాలుగు డిగ్రీలు. ఇరవై మూడు ఉదయం నాలుగు. జనరేటర్ వేశారు కదా బాబాయ్?"

చెప్పాలి. ఇప్పుడే. నోరు తెరిస్తే చాలు.

"ఆయ్. చూసుకున్నానమ్మా" అన్నాడు కనకరాజు.

ఆ రాత్రి ఏలూరులో అతను కంచం ముందు కూర్చుని అన్నం అటూ ఇటూ నెట్టాడు. భార్య సత్యవతి మజ్జిగ గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చుంది. విషయం రాబట్టడానికి ఆవిడకి పది నిమిషాలు పట్టింది.

"రేపు వెళ్ళగానే చెప్పెయ్యండి."

"ఉద్యోగం పోతుంది. విషం సీసా తీశానంటే పోలీసుల దాకా వెళ్తుందేమో."

"ఆ పిల్లకి పోయేది ఉద్యోగమేనా?"

అతను కంచం పక్కకి జరిపాడు.

"మీరు ఐస్ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు అమ్మోనియా గొట్టం పగిలితే, అందరూ బయటికి పరిగెడుతుంటే మీరొక్కరే లోపలికెళ్ళి కట్టేశారని చెప్పుకునేవాళ్ళండి. ఆ మనిషి ఏడీ?"

"అది చేసే పని. ఇది చెప్పే పని."

"అయితే మజ్జిగ తాగి పడుకోండి. పొద్దున చెప్పే పని చేద్దురుగాని."

*

గురువారం అతను ల్యాబ్ మెట్లెక్కుతుండగానే డైరెక్టర్ ఎదురొచ్చాడు.

"కనకరాజు గారూ, శ్రమనుకోకండి. వ్యాన్ సిద్ధంగా ఉంది. కైకలూరులో మా బావమరిది దుర్గారాజు చెరువు దగ్గర రొయ్యల శాంపిళ్ళు తీసి ఐస్‌లో పెట్టి పట్రండి. కమిటీకి చూపించాలి."

"సార్, మౌనికమ్మతో ఒక్క మాట..."

"ఆవిడ లోపల పనిలో ఉన్నారు. కదిలించకండి. పాపం, చివరిది కదా."

వ్యాన్ హారన్ కొట్టింది. ఆరేళ్ళుగా ఆ గొంతుకి తలూపిన మెడ అలవాటుగా మళ్ళీ ఊగింది. వ్యాన్ గణపవరం దాటాక గానీ కనకరాజుకి తెలివి రాలేదు. ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. లోపల గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళరు. బయట అల్మరాలో పెట్టి వెళ్తారు. రాజేష్‌కి చేశాడు. అతను భీమవరంలో పెళ్ళిలో ఉన్నాడు. బాజాల మధ్య "ఏంటి బాబాయ్? వినబట్లేదు!" అంటూనే పెట్టేశాడు. గత్యంతరం లేక డైరెక్టర్‌కి చేశాడు.

"సార్, మౌనికమ్మని ఆపండి సార్. ఆ వయల్‌లో..."

"వచ్చాక మాట్లాడదామండీ. మీటింగ్‌లో ఉన్నాను."

చెరువు దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. కనుచూపు మేర చెరువులు, గట్లు, మళ్ళీ చెరువులు. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. వాటికి కరెంటు పంపే జనరేటర్ గట్టు మీద తాటాకు పాక కింద గర్జిస్తోంది. పచ్చరంగు. పక్కన పసుపు పెయింటుతో ల్యాబ్ ఆస్తి నంబరు. ఆ నంబరు కనకరాజు స్వయంగా రాసిందే. ఏప్రిల్ ఇరవయ్యో తారీఖున దాన్ని లారీకెక్కించింది కూడా అతనే. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందండీ అని సార్ అన్నారు. గాలివాన తెల్లారి రిజిస్టర్ ముందు నిలబడితే, నాలుగే రాయండి, ఎందుకొచ్చిన గొడవ అన్నారు.

"ఏమండీ, బాగున్నారా!" గట్టు మీదనుంచి ఒక మనిషి చేతిలో మేత చేట ఊపుతూ వచ్చాడు. మోకాళ్ళదాకా బురద. చెరువు కాపలా సత్తిరాజు, మౌనిక నాన్న. "మా అమ్మాయి ఎలా ఉందండీ? ఫోన్ చేస్తే పని పని అంటుంది."

"బాగుందండి."

"శనివారం పెద్దాళ్ళొస్తున్నారంట కదండీ, మా పిల్ల పని చూడ్డానికి? దుర్గారాజు గారు చెప్పారు." ఆయన నవ్వితే పళ్ళన్నీ కనబడ్డాయి. వల విసిరి, పది రొయ్యలు ఏరి, మొప్పలు నలగకుండా ఒక్కొక్కటిగా ఐస్ మీద పేర్చాడు. "ఇదుగో, ఈ మెషిన్ లేకపోతే ఆ గాలివాన రాత్రి ఈ చెరువంతా తెల్లగా తేలిపోయేదండి. గాలి ఆడక. మీ సార్ పుణ్యాత్ముడు, సమయానికి పంపారు."

కనకరాజు ఐస్ పెట్టె మూత పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ పెట్టాడు.

"మా వాళ్ళు అడుగుతారండి, మీ అమ్మాయి ఏం చేస్తదని. చెప్పడం రాదు నాకు. మీరు దగ్గరుండి చూస్తారు కదా. ఏం చేస్తదండి?"

"గాలాలు కడుతుందండి" అన్నాడు కనకరాజు. "కంటికి కనబడని గాలాలు. చాలా నికార్సుగా కడుతుంది."

"మా ఇంటి పనేనన్నమాట!" సత్తిరాజు పకపకా నవ్వాడు.

వ్యాన్ డ్రైవర్ మేత బస్తాల కోసం కైకలూరు బజారుకి వెళ్ళాడు. రెండు గంటలకిగాని రాడట. కనకరాజు ఫోన్‌లో టైం చూశాడు. పన్నెండూ పది. మౌనిక పద్ధతి అతనికి తెలుసు. పొద్దునంతా గొట్టాలు, లెక్కలు, ఉప్పునీళ్ళు సిద్ధం చేసుకుంటుంది. భోజనమయ్యాక, మూడింటికి, చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు వయల్ తెరుస్తుంది.

అతను ఐస్ పెట్టె తలకెత్తుకుని రోడ్డెక్కాడు. బైక్ మీద వెళ్ళే కుర్రాడిని ఆపి బస్టాండు చేరాడు. ఏలూరు బస్సు ఇంజను వేసి కదులుతోంది. వెనక నిచ్చెన పట్టుకుని అరిచాడు. కండక్టర్ తిడుతూనే చెయ్యందించాడు. కొల్లేరు మీద రోడ్డు నిప్పుల్లా ఉంది. నీరెండిన చోట బురద పగిలి పలకలైంది. పక్కన కూర్చున్న ఆవిడ పెట్టెలోంచి కారే నీళ్ళకి చీర కుచ్చెళ్ళు ఎత్తుకుని, "చేపలా అండీ?" అని అడిగింది. "కాదండి, రొయ్యలు" అన్నాడు. ఏలూరులో బస్సు మారాడు. తాడేపల్లిగూడెం బస్సు భీమడోలు గేటు దగ్గర ఆగిపోయింది. గూడ్సు బండి. పెట్టెలు ఒకటీ రెండూ లెక్కపెడుతూ యాభై ఎనిమిది దగ్గర ఆపేశాడు, కళ్ళు తిరిగాయి.

ల్యాబ్ మెట్ల దగ్గర గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

అతను చెప్పులు విప్పలేదు. తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు చూడలేదు. లోపల మౌనిక తెల్లకోటులో, చేతికి నీలం గ్లవుజులతో, వయల్ మూత తీసి పిపెట్ దాని మీదకి వంచుతోంది. పిపెట్ కొసన గాలం మందు ఒక చుక్క వేలాడుతోంది.

"ఆపమ్మా!"

చుక్క పిపెట్‌కే ఆగింది.

"బాబాయ్? చెప్పులతో లోపలికి..."

"దాంట్లో అజైడ్ ఉంది. నేనే వేశాను. నాలుగిట్లోనూ."

మౌనిక పిపెట్‌ని మెల్లగా స్టాండుకి తగిలించింది. వయల్‌కి మూత పెట్టింది. గ్లవుజులు ఒకటి తీసింది, రెండోది తియ్యడం మర్చిపోయింది.

"ఎంత వేశారు?"

"ఒక్కోదాంట్లో ఒక చుక్క. గాలివాన రోజు. కుళ్ళిపోతుందని..."

ఆమె వేళ్ళమీద ఏదో లెక్క వేసింది. పెదాలు కదిలాయి. లెక్క అయిపోయాక కళ్ళెత్తింది. ఆ కళ్ళలో సంతోషం వస్తుందేమోనని అతను దారంతా ఆశపడ్డాడు. రాలేదు.

"మూడు వారాలు బాబాయ్. మూడు వారాలు నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. ఫిబ్రవరిలో వచ్చింది నిజమేనా అని నాకే అనుమానం వచ్చింది. నిన్న ఇక్కడే కూర్చున్నారు. జనరేటర్ వేశారా అని అడిగాను. ఇక్కడే."

అతను తలవంచుకున్నాడు. ఐస్ పెట్టెలోంచి నీళ్ళు ల్యాబ్ నేల మీద చారికలు కట్టాయి.

"జనరేటర్ లేదమ్మా. కైకలూరులో ఉంది. ఇప్పటికీ ఉంది. మీ నాన్న కాపలా కాసే చెరువు గట్టు మీద. రిజిస్టర్‌లో నాలుగని రాసింది అబద్ధం. ఆ రాత్రి ఇరవై మూడు దాటింది. సార్ రాయమన్నారు, నేను రాశాను."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "నేనూ కడగలేదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "నాది స్వచ్ఛమని గర్వం. ఒక్కసారి కడిగి ఉంటే..." తల విదిలించింది. "ఎన్నింటికి మీ బండి?"

"బండి సంగతి వదిలెయ్యమ్మా. ఏం చెయ్యాలో చెప్పు."

"సెంట్రిఫ్యూజ్‌కి ఐస్ పెట్టండి. ముందు ఆ చెప్పులు బయట విప్పండి."

వడపోత గొట్టంలో యాంటీబాడీని పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. అజైడ్ చిన్నది, వడపోతలోంచి కిందికి జారిపోతుంది. యాంటీబాడీ పెద్దది, పైనే ఉండిపోతుంది. పైన మళ్ళీ కొత్త ఉప్పునీళ్ళు, మళ్ళీ తిప్పడం. ఒకసారి. రెండుసార్లు. నాలుగుసార్లు. ప్రతిసారీ మౌనిక గొట్టాన్ని వెలుగుకెత్తి చూసింది. ప్రతిసారీ కొంత సరుకు వడపోతకే అంటుకుని పోతోంది. మిగిలింది సరిపోతుందో లేదో జెల్ మీదే తేలాలి. గాలం కలిపింది. గంట ఆగింది. మిగిలిన గాలాల్ని కడిగింది. డీఎన్‌ఏ పోగు పోసి, తెల్లారేదాకా ఉండాల్సిన ఆ చిన్న గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది.

అప్పుడు నోట్‌బుక్ తెరిచి అతని ముందుకి జరిపింది.

"రాయండి."

"నేనా? దీంట్లో నేను రాయకూడదమ్మా."

"చేసినవాళ్ళే రాయాలి. అదీ నియమమే."

కనకరాజు పెన్ను పట్టుకున్నాడు. అక్షరాలు లావుగా, వంకరగా వచ్చాయి. ఏ రోజు, ఏ సీసా, ఎన్ని చుక్కలు. కరెంటు ఎంతసేపు పోయింది. జనరేటర్ ఎక్కడుంది. రిజిస్టర్‌లో ఏం రాశాడు, ఎవరు రాయమన్నారు. కింద సంతకం, తేదీ. దాని కింద మౌనిక తన సంతకం చేసింది, కడగకుండా వాడిన తప్పు నాది అని ఒక వాక్యం చేర్చి.

*

శుక్రవారం పదకొండింటికి జెల్ కాంతి పెట్టె మీదకి వచ్చింది.

ఈసారి కనకరాజు ముందుకి వచ్చి నిలబడ్డాడు. లావుపాటి గీత పల్చగా ఉంది, సగం సరుకు కడుగుళ్ళలో పోయిందిగా. దాని పైన సన్నగా ఒక గీత. దాని పైన ఇంకొకటి. మూడోది ఉందా లేదా అన్నట్టు, కళ్ళు చిట్లిస్తే కనబడేంత. మౌనిక గోడమీది ఫిబ్రవరి ఫోటో ఊడదీసి తెచ్చి జెల్ పక్కన పెట్టింది. మెట్టుకి మెట్టు సరిపోయింది. అప్పుడు మోచేతిలో ముఖం దాచుకుంది.

డైరెక్టర్ వచ్చాడు. జెల్ చూశాడు. ఫోటో చూశాడు. నోట్‌బుక్ అందుకుని ఆ పేజీ చదివాడు. మళ్ళీ మొదటికెళ్ళి చదివాడు.

"చాలా సంతోషమండీ" అన్నాడు. గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "కనకరాజు గారు పొరపాటు చేశారు, పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఉత్తరం ఇప్పుడే చించేస్తాను. మీ పేరుకి ఢోకా లేదు. ఒక్క చిన్న సవరణ. ఆ జనరేటర్ మాట, రిజిస్టర్ మాట... సైన్సుకి వాటితో పనేముందండీ? ఆ మూడు లైన్లూ కొట్టేయండి. అటెండర్ తెలియక కలిపాడు. అంతే కదా జరిగింది?"

"అంతేనండి" అనబోయాడు కనకరాజు. నిజంగానే అనబోయాడు. పిల్ల గట్టెక్కింది, ఇక తన సంగతి ఏమైతేనేం.

మౌనిక తన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నోట్‌బుక్ పక్కన పెట్టింది.

"మీరు కొట్టండి సార్. ఒకటే గీత. కింద మాటలు కనబడాలి. పక్కన మీ సంతకం, ఇవాళ్టి తేదీ."

గోడమీద ఆయన అంటించిన కాగితం ఫ్యాను గాలికి రెపరెపలాడింది. ఆయన పెన్ను తీసుకున్నాడు. దాని మొన పేజీ మీదకి తెచ్చాడు. గీస్తే ఆ మాటల పక్కనే తన పేరు ఉంటుంది, కింద మాటలూ ఉంటాయి. రేపు కమిటీ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఆ గీత గురించే. పెన్ను కాసేపు గాలిలో ఆగింది. తర్వాత మూత పెట్టిన చప్పుడు వినబడింది.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"కనకరాజు గారూ, రేపట్నుంచి మీరు రానక్కర్లేదండి. విషం సీసా విషయం. నా చేతుల్లో లేదు."

"ఆయ్" అన్నాడు కనకరాజు.

మెట్ల మీద ఆయన అడుగులు దిగిపోయాయి. మౌనిక ఏదో అనబోయింది. అతను చేత్తో వారించాడు. నడుముకున్న తాళాలగుత్తి విప్పసాగాడు. ముడి గట్టిగా ఉంది, ఆరేళ్ళ ముడి.

అంతలో పైన ఫ్యాను నెమ్మదించింది. దీపాలు ఆరిపోయాయి. ఫ్రిజ్ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు చప్పుడు చేసి ఊరుకుంది.

"బాబాయ్!" మౌనిక కంగారుగా లేచింది. "ఆ గొట్టం లోపలే ఉంది. ఉన్నదంతా అదే. రేపటిదాకా..."

"రేపట్నుంచి కదమ్మా రావద్దన్నారు. ఇవాళ ఇంకా నాదే." అతను తాళాలు మళ్ళీ నడుముకి దోపుకున్నాడు. "మూల పెట్టెలో నిన్నటి ఐస్ సగముంది. మిగతాది మార్కెట్‌కి వెళ్ళి పట్టుకొస్తాను."

ఆమె ఐస్ పెట్టె లాగుతోంది. అతను మాత్రం పొద్దున్నుంచీ తెరిచి మూస్తున్న ఫ్రిజ్ దగ్గర ఆగిపోయాడు. తలుపుకి అతికించిన థర్మామీటర్ మీద అంకె వైపు వంగి చూశాడు. మేకుకి వేలాడుతున్న రిజిస్టర్ తీసి ఇవాళ్టి గడి వెతికాడు.

"ముందు పెన్నియ్యమ్మా" అన్నాడు.

పదకొండు నలభై. కరెంటు పోయింది. ఆరు డిగ్రీలు.